జీరో టికెట్, పెట్రోల్ స్లిప్పు: ఏ పార్టీకీ చెందని ఓటరు ముందున్న లెక్క

బోరబండలో ఒక ఇల్లు తీసుకుందాం. ఊహించిన ఇల్లే, కానీ ఆ బస్తీలో ఏ గల్లీలోకి పోయినా ఇలాంటి ఇల్లు కనపడుతుంది. ఇంటాయన ఆటో తోలుతాడు. ఇంటామె పొద్దున ఆరున్నరకి బస్సెక్కి మధురానగర్ వైపు పోయి మూడు ఫ్లాట్లలో వంటా గిన్నెలూ చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. పెద్ద కొడుకు బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు, చిన్నపిల్ల ఇంటర్. ఆమె బస్సులో ఆధార్ చూపిస్తే కండక్టర్ మిషన్ నొక్కి జీరో టికెట్ చేతిలో పెడతాడు, దాని మీద ఆమె కట్టాల్సింది సున్నా అని ఉంటుంది. కరెంటు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. నల్లా నీళ్లు నెలకి 20 వేల లీటర్ల దాకా ఫ్రీ. రేషన్ షాపులో తలకి 6 కిలోల లెక్కన నలుగురికి 24 కిలోల సన్నబియ్యం. నెలకి ఇదంతా కూడితే ఆ ఇంటికి చిన్న మొత్తమేం కాదు, మూడిళ్లలో ఒక ఇంటి జీతం మిగిలినట్టే.

కానీ అదే ఇంట్లో ఇంటాయన్ని అడిగితే వేరే లెక్క చెప్తాడు. 2023 డిసెంబర్ 9న మహిళలకి ఫ్రీ బస్సు మొదలైన దగ్గర్నించి షేరింగ్‌లో ఎక్కే ఆడవాళ్లు తగ్గిపోయారు, రోజు కలెక్షన్ పడిపోయింది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం అంతే ఉంది. ఆటోవాళ్లకి ఏడాదికి 12 వేలు ఇస్తామని కాంగ్రెస్ మేనిఫెస్టోలో రాసుకుంది, దాని కోసం ఆటో యూనియన్లు ధర్నాలు చేస్తూ వచ్చాయి. అంటే భార్య పర్సులో మిగిలిన డబ్బు కొంత భర్త జేబులోంచే పోయింది. ఇక కొడుకు సంగతి: రోజుకి రెండు లీటర్ల పెట్రోల్ కొట్టిస్తాడు. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, లీటరు రేటు వంద దాటి చాలా కాలమైంది, అంటే ప్రతి లీటరులో పాతిక రూపాయలకు పైనే రాష్ట్ర ఖజానాకి పోతుంది. రెండు లీటర్లు, నెలకి 26 రోజులు పని వేసుకున్నా 1,300 దాటుతుంది. కేంద్రం తీసుకునే ఎక్సైజ్ డ్యూటీ దీనికి అదనం. ఈ కుర్రాడు ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టడు కాబట్టి ఎవరి దృష్టిలోనూ ట్యాక్స్ పేయర్ కాడు.

ఏ పార్టీ జెండా పట్టుకోని ఓటరు, అంటే మనవాళ్లు న్యూట్రల్ అనో తటస్థ ఓటరు అనో పిలిచే మనిషి, ఎలక్షన్ ముందు ఆలోచించేటప్పుడు ట్యాక్సులు ఒక పక్క, స్కీములు ఒక పక్క, విలువలు ఇంకో పక్క పెట్టుకుని దేనికి ఎన్ని మార్కులు అని చూస్తాడు. అలా చూస్తే ఎప్పటికీ తేలదు, ఎందుకంటే అవి మూడు వేరు వేరు సంగతులు కావు. ప్రతి స్కీముకీ ఒక డబ్బు దారి ఉంటుంది, ఆ డబ్బు ఎవరి దగ్గర్నించి లాగుతున్నారు అన్నదాంట్లోనే ఆ ప్రభుత్వం విలువలు బయటపడతాయి. ఉపన్యాసాల్లో కన్నా అక్కడే స్పష్టంగా కనపడతాయి.

ముందు ట్యాక్సుల సంగతి చూద్దాం, ఎక్కువ అపోహ ఉన్నది ఇక్కడే. కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ చూసినా ఎలక్షన్ టైములో ఒక మాట తిరుగుతూ ఉంటుంది, మా ట్యాక్స్ డబ్బులతో వాళ్లకి ఫ్రీలు పంచుతున్నారు అని. జీతంలోంచి ప్రతినెలా కోత పడుతుంటే బాధ ఉండటం న్యాయమే, ఆ బాధని తక్కువ చేయక్కర్లేదు. కానీ ఇన్‌కమ్ ట్యాక్స్ పోయేది కేంద్రానికి. కేంద్రం రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లో 41 శాతం అన్ని రాష్ట్రాలకీ కలిపి ఇస్తుంది, సెస్సులూ సర్‌ఛార్జీలూ ఆ పంపకంలోకే రావు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఆ 41లో తెలంగాణకి ఇచ్చిన వాటా 2.102 శాతం. గుణించి చూస్తే, పంచుకునే పన్నుల్లో వంద రూపాయలు చేరితే ఆ ఐదేళ్లలో తెలంగాణకి తిరిగొచ్చింది సుమారు 86 పైసలు. ఫ్రీ బస్సు, జీరో కరెంటు బిల్లు లాంటి రాష్ట్ర స్కీములు ఎక్కువగా నడిచేది ఆ 86 పైసల మీద కాదు, రాష్ట్రం సొంతంగా వసూలు చేసుకునే వాటి మీద. జీఎస్టీలో రాష్ట్ర వాటా, పెట్రోల్ డీజిల్ మీద వ్యాట్, మందు మీద ఎక్సైజ్, వ్యాట్, రిజిస్ట్రేషన్ల మీద స్టాంప్ డ్యూటీ. వీటిలో మొదటి మూడూ బోరబండ ఇంటివాళ్లు కూడా కడుతున్నవే. సబ్బు కొన్నా, సెల్‌ఫోన్ రీచార్జ్ చేయించినా, బండిలో పెట్రోల్ కొట్టించినా అంబానీ కట్టే రేటే పనిమనిషీ కడుతుంది.

అలాగని మధ్యతరగతి మీద భారం లేదనడమూ తప్పే. 2021 జూలైలో రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నించి 7.5 శాతానికి పెంచారు, 50 లక్షల ఫ్లాట్ కొనుక్కునే కుటుంబం ఆ ఒక్కదానికే 3 లక్షల 75 వేలు కడుతుంది, కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే జీఎస్టీ కూడా. నెలకి 20 వేలు దాటిన జీతం మీద 200 ప్రొఫెషనల్ ట్యాక్స్, ఏటా మున్సిపల్ కార్పొరేషన్‌కి ఇంటి పన్ను. పిల్లల స్కూలు ఫీజు, ఆస్పత్రి ఖర్చు మొత్తం సొంత జేబులోంచే. ఇంత కట్టి వాన పడితే మోకాలు లోతు నీళ్లలో బండి తోసుకుంటూ పోవాల్సి వస్తే కోపం ఎందుకు రాదు. ఆ కోపం న్యాయమైనదే. అయితే అది పోవాల్సింది జీరో టికెట్ ఆమె మీదకి కాదు, నాలా కబ్జా చేసినవాళ్ల మీదకి, దానికి పర్మిషన్ ఇచ్చినవాళ్ల మీదకి.

పన్నులు చాలనప్పుడు ప్రభుత్వాలు ఏం చేస్తాయన్నది తటస్థ ఓటరు అసలు వదలకూడని ప్రశ్న. హైదరాబాద్‌లో దానికి జవాబు కళ్లెదురుగానే ఉంది: భూమి. 2023 ఆగస్టులో బీఆర్‌ఎస్ ప్రభుత్వం ఉన్నప్పుడు కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది, రాష్ట్రమంతా గొప్పగా చెప్పుకుంది. అదే ఏడాది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్ వసూలుని 30 ఏళ్లకి 7,380 కోట్లకి లీజుకిచ్చారు, అప్పట్లో కాంగ్రెస్ దాన్ని గట్టిగా తిట్టింది. ఆ కాంగ్రెస్సే అధికారంలోకి వచ్చాక 2025లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకి అమ్మింది. అదే ఏడాది కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద బుల్డోజర్లు దింపితే యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. జెండా మారింది గానీ పద్ధతి మారలేదు. భూమి అమ్మితే ఏ ఓటరు మీదా నేరుగా భారం పడదు, అందుకే ఏ ప్రభుత్వానికైనా అది తేలిక. కానీ ఎకరం వంద కోట్లకి కొన్నవాడు ఆ డబ్బు ఫ్లాట్ రేటులో కలిపి తీసుకుంటాడు కదా, చుట్టుపక్కల రేట్లు కూడా దాన్ని చూసే పెరుగుతాయి, ఆఖరికి ఆ బిల్లు వచ్చేది ఇల్లు కొనుక్కోవాలని పదేళ్లుగా దాచుకుంటున్న మనిషికే. పేరుకి అది పన్ను కాదు, కానీ కట్టేది మాత్రం ఆ మనిషే.

అప్పు రెండో దారి. 2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం రాష్ట్రం అప్పులు, కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినవి కూడా కలిపి, 6,71,757 కోట్లు అని చెప్పింది, రాష్ట్రం ఏర్పడినప్పుడు 72,658 కోట్లు అని పక్కనే రాసింది. బీఆర్‌ఎస్ నాలుగు రోజుల్లోనే స్వేదపత్రం అని తన లెక్క తాను విడుదల చేసి అప్పుతో ఆస్తులు సృష్టించాం అంది. ఇక్కడ ఓటరు పట్టుకోవాల్సింది అప్పు మొత్తం ఎంత అనేదాని కన్నా దేని కోసం తెచ్చారు అనేది. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు కోసం కార్పొరేషన్ పేరుతో తెచ్చిన అప్పుకి వడ్డీ ఇప్పటికీ నడుస్తోంది, 2023 అక్టోబర్ 21న ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీలో పిల్లర్లు కుంగాయి. నీళ్లు వస్తేనే ఆ అప్పు ఆస్తి, రాకపోతే ఉత్త అప్పు.

మూడో దారి మందు, ఇక్కడే విలువలు నేరుగా వచ్చి కూర్చుంటాయి.

1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాలు నేర్చుకునే రాత్రి బడిలో మొదలైన మాట ఊళ్లు దాటి పోయింది, దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారా నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం పెడతానన్నారు, దాంతోపాటు కిలో 2 రూపాయల బియ్యం మళ్లీ ఇస్తానన్నారు, గెలిచి హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసి ఆ వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరిలో చట్టం అమల్లోకొచ్చింది. మన దగ్గర ఒక విలువ కోసం ఆడవాళ్లు ఓటు వేసి, ఆ ఓటుతో చట్టం తెచ్చుకోవడం ఇంత స్పష్టంగా జరిగింది తక్కువ. కానీ ఎక్సైజ్ ఆదాయం పోతే ఆ గుంత దేనితో పూడుస్తారు అన్నది ఆ రెండు హామీల పక్కన ఎవరూ రాయలేదు. పక్క రాష్ట్రాల నించి దొంగ మందు దిగింది, ఖజానా ఖాళీ అయింది, 1996లో 2 రూపాయల బియ్యం 3 రూపాయల 50 పైసలైంది, కరెంటు చార్జీలు పెరిగాయి, 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. అంటే ఏ ఆడవాళ్ల ఉద్యమంతో నిషేధం వచ్చిందో వాళ్లే మొదట బియ్యం రేటులో దాని ఖర్చు కట్టారు, ఆ తర్వాత నిషేధమే పోగొట్టుకున్నారు. ఆ ఆడవాళ్లు కోరుకున్నది తప్పు కాదు, ఒక్క అణువు కూడా తప్పు కాదు. ఖర్చు లెక్క ముందే వాళ్ల ముందు పెట్టి ఉంటే, ఇంత భారం పడుతుంది, మోద్దామా అని అడిగి ఉంటే, బహుశా మోసేవాళ్లే.

ఇప్పుడు ఆ చక్రం పూర్తిగా అవతలి వైపు తిరిగింది. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి 2025లో లాటరీ తీస్తే ఒక్కో దరఖాస్తుకి తిరిగి రాని ఫీజు 3 లక్షలు పెట్టారు, దుకాణం రానివాళ్ల డబ్బు కూడా సర్కారుదే, దరఖాస్తుల మీదే 2,800 కోట్లకు పైగా వచ్చింది. అంతకుముందు 2023లో, ఎలక్షన్లకి కొద్ది నెలల ముందు, 2 లక్షల ఫీజుతో అప్పటి ప్రభుత్వం 2,600 కోట్లకు పైనే లాగింది. బస్తీలో ఏ ఇంటికైనా పోయి అడగండి, మగాయన తాగి పోసే డబ్బెంత, ఆ ఇంటికి ప్రభుత్వం ఇచ్చేదెంత అని. ఎడం చేత్తో ఆమెకి జీరో టికెట్ ఇచ్చి కుడి చేత్తో అతని క్వార్టర్ సీసా మీద పన్ను తీసుకుంటే ఆ ఇంటికి మిగిలేదేంటో కూడా ఓటరు చూడాలి. తాగుడు వద్దనే ఓటరు కేవలం నీతులు చెప్తున్నాడని కొట్టిపారేయకూడదు, అతను ఆర్థిక ప్రశ్నే అడుగుతున్నాడు.

ఇంకో సంగతి, హామీల్ని ఇచ్చినవి, ఇవ్వాల్సినవి అని విడగొట్టి చూడటం. 2023 నవంబర్‌లో మేనిఫెస్టోలు వేలంపాట లాగా సాగాయి. కాంగ్రెస్ మహిళలకి నెలకి 2,500 అంటే బీఆర్‌ఎస్ 3,000 అంది, కాంగ్రెస్ సిలిండర్ 500 అంటే బీఆర్‌ఎస్ 400 అంది, పెన్షన్ 4,000 అని ఒకరంటే మెల్లగా పెంచుతూ 5,016 చేస్తామని ఇంకొకరు. గెలిచిన కాంగ్రెస్ ఫ్రీ బస్సు, ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకి పెంచడం రెండు రోజుల్లోనే మొదలుపెట్టింది, 200 యూనిట్లు, 500కి సిలిండర్, 2 లక్షల దాకా పంట రుణమాఫీ 2024లో వచ్చాయి. నెలకి 2,500 మాత్రం 2025 చివరికి కూడా రాలేదు, మామూలు పెన్షన్ అప్పటికీ 2,016 దగ్గరే ఉండిపోయింది. వృద్ధురాలికి 2,016కీ 4,000కీ తేడా అంటే బీపీ మాత్రలు నెలంతా వేసుకోవడమా, రోజు విడిచి రోజు వేసుకోవడమా అన్నంత తేడా. అమలైన వాటిలో కూడా మెలికలుంటాయి. కరెంటు 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో, 201 పడితే మొత్తం బిల్లు కట్టాలి, వెయ్యి దాటుతుంది. ఎండాకాలంలో ఒక కూలర్, ఒక ఫ్రిజ్ ఉన్న ఇంట్లో నెలాఖరుకి మీటర్ దగ్గర నిలబడి అంకెలు చూసుకునే ఇల్లాళ్లున్నారు. కిరాయి ఇంట్లో నాలుగు వాటాలకి ఒకటే మీటర్ ఉంటే ఆ స్కీము వాళ్లకి చేరనే చేరదు.

స్కీములంటే ఓటు కొనడమేనా అన్న వాదన పాతదే. 2013లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు మేనిఫెస్టోలో ఇచ్చే హామీలు ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి కిందకి రావంది, కానీ ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చేయాలని చెప్పింది. 2022లో ప్రధాని మోదీ ఇలా ఫ్రీలు పంచడాన్ని రేవడీ సంస్కృతి, అంటే మిఠాయిలు పంచే సంస్కృతి అని విమర్శించారు, తర్వాత ఆయన పార్టీ కూడా రాష్ట్రాల్లో మహిళలకి నెలనెలా నగదు అనే దారిలోకే వచ్చింది. కాబట్టి ఫ్రీలు ఇచ్చే పార్టీ, ఇవ్వని పార్టీ అనే తేడా ఇప్పుడు లేదు. మిగిలిన తేడా ఏంటంటే ఇచ్చింది మనిషిని కాళ్ల మీద నిలబెడుతుందా, పోలింగ్ దాకా లాక్కొస్తుందా. సన్నబియ్యం తిండి, తిండి మీద అనుమానం అక్కర్లేదు. ఫ్రీ బస్సు వల్ల ఒక ఆమె ఇంకో రెండు స్టాపులు దూరం పోయి ఎక్కువ జీతం ఇచ్చే ఇల్లు చూసుకోగలిగితే అది పెట్టుబడే. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల ముందు వరద సాయం 10 వేలు వేరే రకం: అక్టోబర్‌లో వరద వస్తే నవంబర్‌లో మీసేవ సెంటర్ల ముందు పొద్దున్నించి రాత్రి దాకా క్యూలు, ఆఖరికి రాష్ట్ర ఎన్నికల సంఘం ఆపేయమంది. నీళ్లలో మునిగిన ఇంటికి ఆ డబ్బు హక్కు, దాన్ని ఎలక్షన్ అంచున పెట్టడం వల్లే అది దయ అయిపోయింది.

అసలు చిక్కు ఇక్కడుంది, ఓటు ఒకటే, మేనిఫెస్టో మాత్రం మూటగా వస్తుంది. 2023లో పెట్రోల్ డీజిల్ మీద వ్యాట్ తగ్గిస్తామన్నది బీజేపీ, మన డెలివరీ కుర్రాడికి అది నేరుగా జేబులోకి వచ్చే మాట. అదే మేనిఫెస్టోలో ఉమ్మడి పౌరస్మృతి (పెళ్లి, విడాకులు, వారసత్వం లాంటి వాటికి అన్ని మతాలకీ ఒకే చట్టం), ముస్లింలకున్న 4 శాతం రిజర్వేషన్ తీసేయడం కూడా ఉన్నాయి. ఆ కుర్రాడు ముస్లిం అయితే? లేదా అతని పక్కన బండి నడిపే దోస్తు ముస్లిం అయితే? నెలకి కొన్ని వందలు మిగలడానికి దోస్తు చెల్లెలి కాలేజీ సీటు వదులుకోమనడానికి మనసొప్పుతుందా అని అతను ఆలోచించుకోవాలి. ఇంకోవైపు ఉమ్మడి పౌరస్మృతి న్యాయమని నిజంగా నమ్మే ఓటరు ఉంటాడు, అతనికి ఫ్రీ బస్సు కూడా మంచిదే అనిపించొచ్చు, అతనికీ తన మూట దొరకదు. కాంగ్రెస్ 2024 నవంబర్‌లో కులసర్వే మొదలుపెట్టి బీసీలకి 42 శాతం అని బిల్లులు పాస్ చేసింది, దాన్ని న్యాయం అనుకునే ఇల్లు ఉంది, పిల్లాడికి సీటు తగ్గుతుందని భయపడే ఇల్లు ఉంది. ఇలాంటప్పుడు తటస్థ ఓటరుకి పనికొచ్చే పద్ధతి ఒకటి ఉందనిపిస్తుంది: డబ్బు సంగతులు ఐదేళ్లలో మార్చుకోవచ్చు, వ్యాట్ ఈ ఏడాది పెంచితే వచ్చే ఏడాది తగ్గించొచ్చు. కానీ ఒక మనిషి ఈ ఊళ్లో భయం లేకుండా బతికే హక్కు ఒకసారి పోతే ఐదేళ్లలో తిరిగి రాదు. అందుకని మూటలో తిరిగి సరిచేసుకోలేనివి ఏమున్నాయో మొదట చూసుకోవాలి, తర్వాతే రూపాయలు.

దీనికంతటికీ ముందు ఓటు ఉండాలి కదా. 2023లో రాష్ట్రం మొత్తం మీద 71 శాతం మంది ఓటేస్తే హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా వేయలేదు. 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక, అన్ని పార్టీల పెద్దలూ గల్లీ గల్లీ తిరిగారు, అయినా 48 శాతం దగ్గరే ఆగింది. బోరబండ ఆ నియోజకవర్గంలోదే. యాకుత్‌పురాలో 2023లో 40 శాతం కూడా పోల్ కాలేదు, గెలుపు 878 ఓట్లతో తేలింది, అంటే నాలుగైదు పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండే మనుషులంత మంది.

ఇళ్లలో కూర్చున్నవాళ్లని అందరూ తిడతారు గానీ చాలామందికి అసలు ఇక్కడ ఓటే లేదు, ఊళ్లో ఉంది. 2024 మే 13న తెలంగాణలో లోక్‌సభకి, ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకి ఒకే రోజు పోలింగ్ పడింది. ముందు రెండు మూడు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి, ఎల్బీనగర్‌లో బస్సులు దొరకలేదు, కూకట్‌పల్లిలో సగం ఫ్లాట్లకి తాళాలు. అంత దూరం పోయి ఓటేసే శ్రద్ధ చిన్నదేం కాదు, మెచ్చుకోవాలి. కానీ ఆ మనిషి ఇంటి పన్ను కట్టేది ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్‌కి, ప్రొఫెషనల్ ట్యాక్స్, బండి పెట్రోల్ మీద వ్యాట్ తెలంగాణకి, వానొస్తే మునిగేది ఇక్కడి గల్లీ, పిల్లల స్కూలు బస్సు గుంతల్లో ఊగేది ఇక్కడి రోడ్డు మీద. ఓటు మాత్రం భీమవరంలోనో, ఒంగోలులోనో, లేకపోతే ఇటు ఖమ్మం దగ్గర అమ్మమ్మ ఊళ్లోనో ఉంటుంది, అక్కడి పెన్షన్ అతనికి రాదు, అక్కడి నల్లా అతను తిప్పడు. మార్చుకోవడానికి ఫారం 8 చాలు, అడ్రస్ ప్రూఫ్ కింద కరెంటు బిల్లు పెడితే సరిపోతుంది, ఫోన్లోనే నింపొచ్చు. ఆ కార్లలో పోయినవాళ్లలో చాలామంది ఆ ఫారం ఇంకా నింపలేదు, ఊరితో ఉన్న ఆఖరి దారం అదొక్కటే అనిపించి.